గొడుగు పాటకు చప్పట్ల విధానం

ఉపోద్ఘాతం

డైరీ అనునది ఎవరికీ పంపనవసరం లేని నివేదిక. అంతమాత్రాన దానిని పద్ధతి లేకుండా రాయరాదు. తేదీ ముందు ఉండాలి, వారం తరువాత ఉండాలి, అవసరమైనచోట గంట ఉండాలి. కొట్టివేత ఉన్న ప్రతిచోటా పొట్టి సంతకం ఉండాలి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, తెలియనిది తెలియనట్టు రాయాలి. ఈ మూడింటిలో చివరి రకమే ఇందులో ఎక్కువగా ఉండబోతున్నదని ముందుగానే నమోదు చేయడమైనది.

రాస్తున్నది తూనికలు కొలతల కార్యాలయంలో సీనియర్ ఇన్‌స్పెక్టరు. వయసు నలభై తొమ్మిది. సంగీత పరిజ్ఞానం: నిల్. ఈ డైరీని చదివేవారు ఎవరూ లేరు. ఎవరైనా చదివిన పక్షంలో బాధ్యత వారిదే.

జూన్ 8, ఆదివారం, ఉదయం 6.15

నిన్న సాయంత్రం టైర్ల దుకాణం పైఅంతస్తులో శనివారం సంగీత సభ యథావిధిగా జరిగింది. అరవై రెండు ప్లాస్టిక్ కుర్చీలకు యాభై ఎనిమిది మంది హాజరు. మిగతా నాలుగు కుర్చీలకు కాళ్లు సరిగా లేవు. హాలంతా కొత్త రబ్బరు వాసన. పాట మొదలైన పది నిమిషాలకు ఆ వాసన పోతుందని అందరూ అంటారు. నాకు పోదు.

మా ఇంటి బృందం మూడోదిగా వేదిక ఎక్కింది. మా ఆవిడ పాడుతుంది. కాలేజీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కీబోర్డు వాయిస్తుంది. మా బావమరిది, వృత్తిరీత్యా ఫ్రిజ్ మెకానిక్, డ్రమ్ములు వాయిస్తాడు. కుటుంబంలో ఇక మిగిలింది నేను. నాకు అప్పగించబడిన విధి చప్పట్లు.

ఈ విధిని ఏడు నెలలుగా నిర్వర్తిస్తున్నాను. మొదటి వరుస, ఎడమ చివర, ఫ్యాను కింద నా స్థానం. పాట ఎప్పుడు అయిపోయిందో నాకు తెలియదు. ఈ సంగతి నాకూ మా బావమరిదికీ తప్ప మూడో మనిషికి తెలియదు. పాట ముగియగానే వాడు కుడిచేతి కర్ర భుజం మీదుగా పైకెత్తుతాడు. నేను కొడతాను. నేను కొట్టిన మరుక్షణం హాలంతా కొడుతుంది. ఎందుకలా అని వాడినే అడిగాను. తూకం రాళ్లకు సీలు వేసే చేతులు కదా బావా, నువ్వు కొట్టావంటే పాటకి సీలు పడ్డట్టే అనుకుంటారు జనం, అన్నాడు. బజారులో నాకు సీలు సారు అని పేరున్న మాట వాస్తవం.

ఇంటికి వచ్చాక ఎలా ఉందని మా ఆవిడ అడిగింది. బాగుంది అన్నాను. ఏది బాగుంది అంది. అన్నీ అన్నాను. ఆవిడ చెవికమ్మలు తీసి డబ్బాలో వేసింది. ఆ చప్పుడు మామూలుకన్నా గట్టిగా వినిపించింది. కారణం తెలియరాలేదు.

జూన్ 10, మంగళవారం

వాన మొదలైంది. తడిశాను.

నా గొడుగు పోయిన ఏడాది ఆగస్టులో బస్సులో పోయింది. పోయిన రోజునే ఒక కాగితం మీద వివరాలు రాసి ఫైలు తెరిచాను: రంగు నలుపు. పిడి గోధుమరంగు కర్ర. నాలుగో ఊచ దగ్గర బట్ట చిరగగా నీలం దారంతో కుట్టు. కుట్టినది భార్య. ఇంట్లో నల్లదారం అయిపోయిందని నీలంతో కుట్టింది. ఫైలు మూయకుండా రెండో గొడుగు కొనడం పద్ధతి కాదు. గొడుగు దొరకకుండా ఫైలు మూయడం కుదరదు. కనుక తడుస్తున్నాను.

తడిసి వచ్చిన నన్ను చూసి, నాన్నా, ఒక్కసారి అమ్మ కౌంటరుకి వెళ్లి అడగొచ్చుగా అంది మా అమ్మాయి. మా ఆవిడ బస్సు డిపోలో దొరికిన వస్తువుల కౌంటరు చూస్తుంది. భార్య కూర్చున్న కౌంటరుకు భర్త దరఖాస్తు పెట్టడం పక్షపాతానికి తావిస్తుందని చెప్పాను. అమ్మాయి నన్ను చాలాసేపు చూసింది. మా ఆవిడ టవలు నా మీదకి విసిరి లోపలికి వెళ్లింది. చూపుకీ విసురుకీ సంబంధం ఉన్నట్టు తోచింది కానీ నిర్ధారణ కాలేదు.

ఆవిడ మొదటి నుంచీ ఆ కౌంటరులో లేదు. పందొమ్మిదేళ్లు డిపోలో మైకు దగ్గర కూర్చుంది. ఏ బస్సు, ఏ ఊరు, ఏ ప్లాట్‌ఫారం, అన్నీ ఆవిడ గొంతే. రెండేళ్ల క్రితం మెషీను పెట్టారు. మెషీను కూడా స్త్రీ గొంతుతోనే మాట్లాడుతుంది, ఆ స్త్రీ ఎవరో డిపోలో ఎవరికీ తెలియదు. మా ఆవిడను మైకు నుంచి లేపి పోయిన చెప్పులు, మరిచిపోయిన టిఫిను డబ్బాలు ఉన్న అరల మధ్య కూర్చోబెట్టారు. ఆ తరువాతే పాట మొదలైంది. ఈ రెండు విషయాలూ ఒకే ఫైలుకు చెందినవా, వేర్వేరా అన్నది నేను తేల్చుకోలేకపోయాను.

జూన్ 12, గురువారం

రిహార్సల్ జరుగుతుండగా అక్కా, పై పట్టు దగ్గర శ్రుతి తప్పింది అన్నాడు బావమరిది. ఎంత తప్పింది అని అడిగాను. ముగ్గురూ ఆగి నా వైపు చూశారు. ప్రశ్నలో నాకు దోషం కనిపించలేదు. కిలోకు ఇన్ని గ్రాముల తేడా వరకు కాటాకు సీలు వేయవచ్చని మా శాఖలో స్పష్టమైన పట్టిక ఉంది. శ్రుతికి అటువంటి పట్టిక లేనప్పుడు తప్పిందని ఎవరు ధ్రువీకరించారు, ఏ అధికారంతో, అన్నాను. బావా, నీకు పుణ్యం ఉంటుంది, వరండాలో కూర్చో అన్నాడు వాడు.

వరండాలో కూర్చున్నాను. లోపలి నుంచి నవ్వు వినిపించింది. మా ఆవిడ నవ్వు అందులో లేదు.

జూన్ 15, ఆదివారం

నిన్న మా ఆఫీసు డిస్పాచ్ గుమాస్తా ఫ్లూటు కచేరీ. అతను పదహారేళ్లుగా నా పక్క బల్ల. నా కోసం చప్పట్లు మొదలుపెట్టండి సార్, మీరు కొడితే ఆ లెక్కే వేరు, అని వారం రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకున్నాడు. అతని బృందంలో డ్రమ్ము లేదు, కర్ర లేదు, సంకేతం లేదు. ఫ్లూటు నోటి నుంచి పక్కకు తీయగానే కొట్టాను. ఊపిరి పీల్చుకోవడానికి తీశాడట. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. మళ్లీ కొట్టాను. మొత్తం తొమ్మిదిసార్లు. హాలు ప్రతిసారీ నాతోపాటే కొట్టింది.

దిగివచ్చి నా చేతులు పట్టుకున్నాడు. తన జీవితంలో ఒక్క వాయింపుకు తొమ్మిదిసార్లు చప్పట్లు పడలేదట. కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు జరిగితే క్షమాపణ ఉంటుంది, ఒప్పు జరిగితే అభినందన ఉంటుంది. జరిగింది ఏదో తెలియనప్పుడు ఏమి చెయ్యాలో ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

జూన్ 18, బుధవారం

మా ఆవిడ కొత్త పాట రాసింది. తనే రాసింది. గొడుగు గురించి అని అమ్మాయి చెప్పింది. గొడుగుల మీద కూడా పాటలు రాయవచ్చునని తెలియదు. శనివారం పాడుతుందట. బావమరిదితో మాట్లాడి కర్ర సంకేతం యథాతథం అని ఖరారు చేసుకున్నాను.

జూన్ 22, ఆదివారం, ఉదయం 5.50

జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

నిన్న మా ఆవిడ గొడుగు పాట ఎత్తుకుంది. నేను పద్ధతి ప్రకారం బావమరిది కుడిచేతి మీద దృష్టి నిలిపి కూర్చున్నాను. నాలుగు నిమిషాలకు పాట ఆగింది. డ్రమ్ము ఆగింది, కీబోర్డు ఆగింది. కర్ర భుజం మీదుగా పైకి లేచింది. కొట్టాను. హాలు లేచి నిలబడి కొట్టింది. పందొమ్మిది సెకన్లు. ఈ హాల్లో ఇంతవరకు ఇదే ఎక్కువ.

పాట అయిపోలేదు.

బావమరిది ఆ కర్రతో వీపు గోక్కున్నాడు.

మా ఆవిడ మైకు ముందు నోరు తెరిచి ఉంది. లోపల ఇంకా ఏదో ఉందని, అది బయటికి రావడానికి సిద్ధంగా ఉందని నాకు కూడా తెలిసింది. చప్పట్లు ఆగేవరకు అలాగే నిలబడింది. ఆగాక నోరు మూసుకుని, నమస్కారం పెట్టి, దిగింది. మెట్ల దగ్గర టైర్ల దుకాణం ఆయన అదిరిందమ్మా అన్నాడు. ఆవిడ తలూపింది.

ఇంటికి వచ్చాం. ఎలా ఉందని ఆవిడ అడగలేదు. ఏడు నెలల్లో మొదటిసారి. నేను బాగుంది అని తయారుగా ఉంచుకున్నాను.

జూన్ 23, సోమవారం

బావమరిది వచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చుని కర్ర సంగతి మొత్తం కక్కేశాడు. చెమటకాయలక్కా, ఆ ఫ్యాను గాలి నాకు తగలదు, బావకే తగులుతుంది, అని కూడా అన్నాడు. అంటే ఏడు నెలలుగా ఆయన నా పాటకి కాదు, నీ కర్రకి కొడుతున్నారన్నమాట, అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

జూన్ 24, మంగళవారం, ఉదయం 7.00

ఆవిడే మాట్లాడింది. కంచాలు తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. డిపోలో ఊరి పేరు చెప్పాక, ప్లాట్‌ఫారం నంబరు చెప్పేముందు కొంచెం ఆగేదాన్ని, అంది. ఆ ఆగినప్పుడు జనం మూటలు దించి తలెత్తేవాళ్లు. పిల్లలు ఏడుపు ఆపేవాళ్లు. మెషీనుకి అన్నీ వచ్చు, అది రాదు. పాటలో ఆ ఆగడమే పెట్టుకున్నాను. దాని తరవాత ఒక్క లైనుంది. ఆ ఒక్క లైను కోసమే మిగతా పాటంతా రాశాను. దాని మీద మీరు చప్పట్లు కొట్టారు.

తుడిచిన కంచాలు అరలో పెట్టాను.

జూలై ఇరవై ఆరున వార్షికోత్సవ సభ. ఆ పాట అక్కడ ఇంకొక్కసారి పాడుతుందట. ఆ రోజు కూడా ఆ లైను దాకా వెళ్లలేకపోతే ఇక మానేస్తుందట. అరలూ, చెప్పులూ, అంతే. కోపంతో అనలేదు. బస్సు రద్దయిందని చెప్పే గొంతుతో అంది. ఆ గొంతును పందొమ్మిదేళ్లలో ఏ ప్రయాణికుడూ ప్రశ్నించినట్టు నాకు తెలియదు.

నన్ను రావద్దంటావా అని అడిగాను. రండి, కానీ చప్పుడు చెయ్యొద్దు, అంది. అంతలోనే, అసలు ఒక్క పాటలో ఒక్క మాటైనా గుర్తుందా మీకు, అంది.

ఆలోచించి చెబుతానన్నాను.

జూన్ 27, శుక్రవారం

ఆలోచించాను. లేదు.

జూన్ 29, ఆదివారం

నిన్నటి సభలో రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాను. ఫలితం ఊహించనిది. డిస్పాచ్ గుమాస్తా ఫ్లూటు మొత్తం వాయించి దించాడు. చప్పట్లు లేవు. యాభై మందీ నా భుజాల వైపు చూశారు. నేను కదల్లేదు. అతను అయిపోలేదేమో అనుకుని మళ్లీ ఎత్తుకున్నాడు. మూడుసార్లు పూర్తి చేశాడు. చివరికి దిగిపోయాడు.

టైర్ల దుకాణం ఆయన పక్కకు పిలిచి, ఏంటి సార్, మీరు కొట్టకపోతే ఎవరికీ చేతులు రావట్లేదు, అన్నాడు. మీ అంతట మీరు కొట్టవచ్చు కదా అన్నాను. మాకేం తెలుసు సార్, మీకు తెలుసుగా, అన్నాడు.

ఈ హాల్లో పాట ఎప్పుడు అయిపోతుందో ఎవ్వరికీ తెలియదని, అందరూ నన్ను చూస్తున్నారని, నేను ఒక ఫ్రిజ్ మెకానిక్ మోచేతిని చూస్తున్నానని ఆ క్షణంలో అర్థమైంది. సీలు లేని కాటాతో ఇన్ని నెలలు వ్యాపారం నడిచింది. కేసు రాయాలంటే మొదటి ముద్దాయిని నేనే.

జూన్ 30, సోమవారం

డిస్పాచ్ గుమాస్తా నా ఫైళ్లు బల్ల మీద పెట్టకుండా కిటికీలో పెట్టి వెళ్లాడు. రెండు తడిశాయి.

జూలై 4, శుక్రవారం

శాస్త్రీయంగా ముందుకు పోవాలని నిశ్చయించాను. ఆఫీసులో టాక్సీ మీటర్లు పరీక్షించే స్టాప్‌వాచ్‌ను రిజిస్టరులో సంతకం చేసి ఇంటికి తెచ్చాను. రిహార్సల్‌లో ఆవిడ ఆగడాన్ని వరండా నుంచి కొలిచాను. ఏడు సెకన్లు. రెండోసారి ఏడుంబావు. మూడోసారి ఏడు. శాఖాపరంగా ఇది సీలు వేయదగిన నిలకడ.

ఆగిన తరువాత చివరి లైను పాడలేదు. ఎందుకు పాడలేదని అమ్మాయిని అడిగాను. అది ఇంట్లో పాడదట. రిహార్సల్‌లో వాళ్లిద్దరికి కూడా వినిపించలేదట. ఆగినంత మేరకు కొలిచాను కానీ దేని కోసం ఆగుతున్నదో కొలతకు అందలేదు.

నాన్నా, మీరు సెకన్లు వింటున్నారు, అంది అమ్మాయి. తప్పా అన్నాను. తప్పని కాదు, అంటూ ఆగింది. సుమారు నాలుగు సెకన్లు. తరువాత, గొడుగు దొరికిందా మీకు, అంది. ఫైలు పెండింగులో ఉందన్నాను. నెత్తి కొట్టుకుంది.

జూలై 13, ఆదివారం

బావమరిది ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఇరవై ఆరున నా రెండు చేతులూ కుర్చీ వెనక్కి గుడ్డతో కట్టేస్తానన్నాడు. గుడ్డ కూడా తెచ్చాడు. ఫ్రిజ్‌లు తుడిచే గుడ్డ. పరిశీలించి తిరస్కరించాను. అయితే ఒట్టేసి చెప్పు బావా, అక్క ఈసారి మానేసిందంటే మళ్లీ మొదలుపెట్టదు, నాకు తెలుసు దాని సంగతి, చిన్నప్పుడు సైకిలు కూడా ఇలాగే మానేసింది, అన్నాడు. సైకిలు సంగతి నాకు తెలియదు. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇంకా ఏవేవి మానేసిందో జాబితా ఉందా అని అడిగాను. వాడు నవ్వలేదు.

జూలై 18, శుక్రవారం, మధ్యాహ్నం 1.20

భోజనానికి కూర్చుని వెళ్లిన సభలన్నీ లెక్కించాను. ఇరవై తొమ్మిది. పాటలు సుమారు ఎనభై. కర్ర ఎన్నిసార్లు లేచిందో ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. ఒక్క మాట కూడా చెవిలో లేదు. ఆ కాలమంతా నేను ఎక్కడ ఉన్నానో, హాజరు పట్టీలో ఉన్నట్టా లేనట్టా, బోధపడటం లేదు.

జూలై 26, శనివారం, సాయంత్రం 4.30

ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుంది. కమ్మలు పెట్టుకుంది. ఒక కమ్మను రెండుసార్లు బిగించింది. నేను చూస్తున్నది ఆవిడ గమనించింది. వాన పడుతోంది. నలుగురికి రెండు గొడుగులు. మూడోది పెండింగు.

జూలై 27, ఆదివారం, ఉదయం 5.30

హాలు నిండింది. కాళ్లు లేని కుర్చీల కింద కూడా టైర్లు పెట్టి కూర్చున్నారు. నా చోటు నాకు ఉంచారు. నేను రాగానే పక్కనున్నవాళ్లు సర్దుకుని నా చేతుల వైపు ఒకసారి చూసుకున్నారు. వెనక వరుసలో డిస్పాచ్ గుమాస్తా ముఖం తిప్పుకున్నాడు. స్టాప్‌వాచ్ రుమాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. బావమరిది వైపు చూడకూడదని ఒట్టు. కనుక చూడటానికి ఏమీ లేదు. చేయడానికి ఏమీ లేదు. అటువంటి స్థితిలో పాట మొదలైంది.

చేయడానికి ఏమీ లేకపోవడం వల్ల, మాటలు వినిపించాయి.

మొదట ఒక అర గురించి పాడింది. దానిలో దుమ్ము గురించి. ఆ పైన ఒక గొడుగు. గోధుమరంగు పిడి, అంది పాట. అటువంటి పిడులు మార్కెట్లో విస్తారంగా ఉన్నాయని మనసులో నమోదు చేసుకున్నాను. వానొచ్చినా విప్పలేదు, ఎండొచ్చినా విప్పలేదు, అంది. దొరికిన వస్తువును కౌంటరు సిబ్బంది వాడరాదు కనుక అదీ సక్రమమే అనుకున్నాను. నాలుగో ఊచకి నీలం దారం కుట్టు, అంది.

అది నా ఫైలులో మూడో గుర్తు.

నల్లదారం లేని రోజు కుట్టిన కుట్టు, అంది.

ఎవరిదమ్మా ఈ గొడుగు అని అడిగింది. కీబోర్డు మీద మా అమ్మాయి తల వంచుకుని ఉంది. దానికి తెలుసని అప్పుడు తెలిసింది. ఎవరిదమ్మా ఈ గొడుగు అని రెండోసారి అడిగింది. వాడికీ తెలుసు, బావమరిదికి. పోయిన నెలలో ఆవిడ ఇదే పాట ఇదే హాల్లో పాడింది, నేను ఈ కుర్చీలోనే కూర్చున్నాను, నా గొడుగు గుర్తులన్నీ హాలంతా విన్నది, నేను ఒక్కడినే వినలేదు. ఎవరిదమ్మా ఈ గొడుగు అని మూడోసారి అడిగింది.

ఆగింది.

స్టాప్‌వాచ్ నొక్కడం మరచిపోయాను. ఎంతసేపు ఆగిందో రికార్డు లేదు. చప్పుడు చెయ్యొద్దన్నది ఉత్తర్వు. జవాబు చెప్పకుండా కూర్చోవడం అప్పటికి పదకొండు నెలల నేరం. రెండింటి మధ్యా ఇరుక్కుని, బడిలో హాజరు పలికేటప్పుడు గొంతు పోయిన పిల్లవాడు ఏం చేస్తాడో అది చేశాను. కుడిచెయ్యి పైకెత్తాను.

ఇక్కడ ఒక విషయం ముందే ఊహించి ఉండవలసింది. ఆ హాలు నన్ను చూసి నడిచే హాలు. నా పక్కాయన చెయ్యెత్తాడు. పక్క వరుస ఎత్తింది. వెనక వరుసలు ఎత్తాయి. డిస్పాచ్ గుమాస్తా నా మీద కోపం ఉండి కూడా ఎత్తాడు. మెట్ల దగ్గర టైర్ల దుకాణం ఆయన ఎత్తాడు. బావమరిది రెండు కర్రలూ ఎత్తాడు. మా ఆవిడ అడిగిన ఒక్క గొడుగు కోసం హాలు హాలంతా చెయ్యెత్తి, చప్పుడు లేకుండా నిలిచిపోయింది. ఫ్యాను ఒక్కటే తిరిగింది.

ఆవిడ చూసింది. ఒక్కొక్క వరుసా చూసింది. ప్లాట్‌ఫారం నంబరు చెప్పేముందు జనం తలెత్తేవాళ్లని చెప్పిన మాట గుర్తొచ్చింది. గడ్డం కొంచెం పైకెత్తింది. ఆఖరికి చూపు నా చెయ్యి దగ్గర ఆగింది. నా చెయ్యి అని నేను అనుకుంటున్నాను. నా వెనక ఫ్యాను స్విచ్చు కూడా ఉంది.

అప్పుడు ఆ చివరి లైను పాడింది. డ్రమ్ము లేదు, కీబోర్డు లేదు.

గుర్తులు చెప్పి పట్టుకెళ్లు.

అంతే. పాట అయిపోయింది. అయిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదు, ఏ కర్రా లేవలేదు. నాకే తెలిసింది. ఎలా తెలిసిందో తెలియదు.

చప్పట్లు పడలేదు. చేతులన్నీ పైనే ఉన్నాయి. పైనున్న చేతులతో చప్పట్లు కొట్టడం సాధ్యం కాదు. నేను దించితే వాళ్లు దించుతారు, కానీ నేను దించలేకపోయాను. కొంతసేపటికి ఆవిడ మైకు దగ్గరికి వంగి, పందొమ్మిదేళ్ల డిపో గొంతుతో, చేతులు దించవచ్చు అంది. హాలు దించింది. అప్పుడు ఎవరో కొట్టారు. నేను కాదు. అందరూ కొట్టారు. నేను కాదు.

ఇంటికి వచ్చేటప్పుడు వాన. ఆవిడ గొడుగు కిందకు నన్ను రమ్మంది. సగం భుజం తడిసింది. ఎలా ఉందని అడగలేదు. నేనే చెప్పాను. బాగుందో లేదో నాకు తెలియదు, కానీ వినిపించింది, అన్నాను. ఆవిడ కొంత దూరం నడిచాక, సోమవారం కౌంటరు పదింటికి తెరుస్తాం, అంది.

జూలై 28, సోమవారం

పూట సెలవు పెట్టి కౌంటరుకు వెళ్లాను. వరుసలో మూడోవాడిని. నా ముందున్నాయన ఒక కాలి చెప్పు కోసం వచ్చి రెండో కాలి చెప్పు ఋజువుగా తెచ్చాడు. పద్ధతి గల మనిషి.

నా వంతు వచ్చింది. ఏం పోయింది, అంది ఆవిడ. గొడుగు పోయిందండి, మీరు కొంచెం చూస్తారా, అన్నాను. ఇరవై రెండేళ్లలో ఆవిడను మీరు అనడం ఇదే మొదలు. గుర్తులు చెప్పమంది. చెప్పాను. కుట్టు ఎవరిది అంది. ఆ ప్రశ్న ఫారంలో లేదని మనవి చేశాను. నేను అడుగుతున్నాను అంది. మీదే అన్నాను. వెనకాల ఉన్నవాళ్లు దగ్గారు.

గొడుగు తెచ్చి బల్ల మీద పెట్టింది. దానికి ఒక అట్టచీటీ కట్టి ఉంది. ఎవరూ రాని వస్తువులను ఆరు నెలలకు వేలం వేయాలని నియమం. చీటీ మీద ఆరో నెలలో, గడువు పొడిగించడమైనది, అని ఆవిడ చేతిరాత, కింద పొట్టి సంతకం. ఎనిమిదో నెలలో ఒకటి. పదో నెలలో ఒకటి. కారణం గడి మూడుచోట్లా ఖాళీ.

ఇంటికి తెచ్చేస్తే సరిపోయేది కదా అని మెల్లగా అన్నాను. అలా ఎలా కుదురుతుంది, యజమాని స్వయంగా వచ్చి అడగాలి కదా, పద్ధతి మీకు తెలియంది కాదు, అంది. ముఖంలో నవ్వు లేదు. కళ్ల కింద ఉందేమోనని చూశాను. వెలుతురు చాలలేదు.

ఫారంలో ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంది. మూడు లైన్లు రాశాను. కొట్టేశాను. పొట్టి సంతకం పెట్టాను. దాని కింద, వినలేదు, అని రాసి ఇచ్చాను. ఆవిడ చదివి, ముద్ర వేసి, పక్కన పెట్టకుండా తన సొరుగులో పెట్టుకుంది. సొరుగులో పెట్టడానికి నియమం ఏమిటో నాకు తెలియదు.

వెళ్లబోతుంటే, వచ్చే శనివారం కొత్త పాట, అంది. దేని మీద అని అడిగాను. ఒంటి చెప్పు మీద, అంది. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. మీది కాదు లెండి, ఈసారికి, అంది.

ఎండగా ఉంది. గొడుగు వేసుకుని ఆఫీసుకు వెళ్లాను. ఫైలు మూశాను. డిస్పాచ్ గుమాస్తా గొడుగు చూసి, వచ్చే వారం కొడతారా సార్, అన్నాడు. ముందు వింటాను అన్నాను. అది అతనికి ఆశీస్సులా వినిపించిందో బెదిరింపులా వినిపించిందో.

ఆగస్టు 2, శనివారం, సాయంత్రం 5.10

నియమం. మా ఆవిడ పాడుతున్నంతసేపు గొడుగు నా ఒళ్లోను, నా రెండు చేతులు గొడుగు మీదను ఉండవలెను. ఆవిడ దిగివచ్చి నా చేతుల్లోంచి గొడుగు తీసుకునేవరకు పాట అయిపోయినట్టు కాదు. తీసుకోవడం మరచిన పక్షంలో, హాలుకు తాళం వేసినా, ఇంటికి వచ్చినా, పాట సాగుతున్నట్టే భావించి వింటూ ఉండవలెను. ఇదే అంతిమం.